ఏడో గల్లీ ఓటు

సూరత్ గోడాదరాలో ఉండే సదానందం తుమ్మాలన్నా ముందు ఎలక్టర్లను ఎన్నుకుంటాడు. కుడి ముక్కుపుటానికి ఒక ఓటు, ఎడమదానికి ఒకటి, గొంతుకు ఒకటి. ఫలితం వచ్చేసరికి జలుబే తగ్గిపోతుంది. నమ్మకపోతే ఆయన భార్య వజ్రమ్మను అడగండి.

ఒకరోజు పొయ్యి మీద నూనె కాగుతుంటే ఆమె కేకేసింది. “వంకాయనా, బెండకాయనా? జల్ది చెప్పు!”

“చెప్పనీకి నేనెవన్ని? ఇంటోళ్లు ఓ మనిషిని ఎన్నుకోవాలె. ఆ మనిషి కూరను ఎన్నుకోవాలె.”

“ఇంట్ల ఉన్నదే మనిద్దరం గదయ్యా!”

“అందుకే టై అయింది.”

ఆ పూట పచ్చడి గెలిచింది.

మేనల్లుడు సంపత్‌కు మాత్రం ఈ పిచ్చి నవ్వులాట కాలేదు. నేత కార్మికుల సంఘానికి అధ్యక్షుడు కావాలని మూడేళ్లుగా కలలు కంటున్నాడు వాడు. ఆదివారం పొద్దున హాల్లో సభ, చేతులెత్తడం, ఆపైన మటన్. అంతటితో అయిపోవలసిన ముచ్చట. కానీ సంఘం కార్యదర్శి సదానందం! గల్లీకొక ఎలక్టరును ఎన్నుకోవాలి, ఆ ఏడుగురూ అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి అని మూడు గంటలు ఉపన్యసించాడు. ఆకలికి తాళలేక సభ ఒప్పేసుకుంది.

“మామా, జనం నా దిక్కే ఉన్నరు. నడుమ గీ ఏడుగురు ఎందుకే?”

“దేశానికి రాష్ట్రపతినే మనం సీదా ఎన్నుకోం. మనం ఎన్నుకున్నోళ్లు ఎన్నుకుంటరు. రాష్ట్రపతికి లేని నామోషీ నీకేందిరా?”

సంపత్ తల బాదుకున్నాడు. ఎటు చూసినా ముగ్గురు ఎలక్టర్లు తనవైపు, ముగ్గురు పోటీదారు పరమేశ్వర్ వైపు. ఇక మిగిలింది ఏడో గల్లీ. అక్కడ ఇరవై మంది దాకా ఉంటారు, దాదాపు అందరూ రాత్రి షిఫ్టువాళ్లే. పొద్దున సభ పెడితే వాళ్లు పడుకుని ఉంటారు కనుక, ఏ ఎన్నికలోనూ ఆ గల్లీ నుంచి ఒక్క చెయ్యి లేవలేదు. ఇప్పుడు వాళ్లంతా తమకు మెస్ నడిపే రాజమ్మను ఎలక్టరుగా నిలబెట్టారు.

సంపత్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ గల్లీలో అడుగుపెట్టాడు.

“అత్తా, నీ ఓటు నాకే గావాలె!”

రాజమ్మ రొట్టె తిప్పుతూ కసిరింది. “మెల్లగ మాట్లాడు, పోరలు పండుకున్నరు. సంఘం హాలు మీద పొద్దంత పాటలు మోగే మైకు ఎవనిది?”

“నాదే!” అన్నాడు సంపత్ గర్వంగా. “రింగ్ రోడ్ దాకా ఇనవడతది.”

“రింగ్ రోడోళ్ల సంగతేమోగని, మా పోరలకు కన్ను మూతపడ్తలేదు. రాత్రి లూమ్ కాడ కునుకువడితే వేళ్లు పోతయి బిడ్డా. జర దాని నోరు మూయిస్తవా?”

 ఆ సాయంత్రమే సంపత్ నిచ్చెన వేసి తన చేతులతో తనే మైకు దించేశాడు. ఎన్నికలో నాలుగు-మూడుతో గెలిచాడు.

మెడలో దండ తీయకుండానే మామ ఇంటికి ఉరికాడు. “మామా, గీ కిరికిరంతా ఆ ఇరవై మంది నిద్ర కోసమేనా? ముందే నాతోని అంటే అయిపోవు గద!”

“ఆ మైకు మోతల నీకు ఇనవడేదా?” అంది వజ్రమ్మ.

సదానందం సంఘం రిజిస్టరులోంచి తల కూడా ఎత్తలేదు.

“ఇరవై గాదు, పద్దెనిమిది. ఇద్దరు మొన్ననే పగలు షిఫ్టుకు మారిండ్రు.”