రెండు లైన్ల నడుమ మా శ్మశానం

నిరుటి ఉగాది మరునాడు: మా ఊరి రైల్వే జంక్షన్‌లో కొత్త లైను కోసం శ్మశానాన్ని చదును చేశారు. మాకు ముందుగా కబురు లేదు.

నిరుటి బోనాల ఆదివారం: విషయం విని, వెళ్లి రైల్వే కార్యాలయంలో అడిగాను. నోటిమాటతో పంపేశారు, కాగితం మీద పెట్టమంటే పెట్టలేదు.

నిరుటి దీపావళి ముందురోజు: రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు.

మొన్నటి శివరాత్రి: రెండో ఉత్తరం. అదే గతి.

బొంబాయిలో కామాఠిపురా వరుసగదుల చాల్‌లోని మా గదిలో, నా నోటుబుక్కులో ఇవన్నీ ఉన్నాయి.

మా ఊరు జంక్షన్ కంటే పాతది కాదు. పాలమూరు మెట్టల్లో రెండు లైన్లు చీలే చోట కట్ట పోయడానికి వచ్చిన కూలీలు పని ముగిశాక తిరిగి వెళ్లలేదు. వాళ్ల గుడిసెలే ఊరయ్యాయి. చీలిన లైన్ల నడుమ, సాగుకు పనికిరాని ముక్కోణపు జాగాలో చనిపోయినవారిని పాతిపెట్టారు. వద్దన్నవారు లేరు, ఇచ్చామని రాసిచ్చినవారూ లేరు. తరువాత పనికోసం అదే కట్ట మీది బండెక్కి బొంబాయి వచ్చాం. ఇక్కడ ఇళ్లు కట్టిన మా తండ్రి చివరి రోజుల్లో అక్కడికే వెళ్లి, ఆ మట్టిలోనే కలిశారు.

పితృదేవతలకు బియ్యం ఇచ్చే పెత్రామాసకు ఏటా వెళ్లి సమాధి రాళ్లకు సున్నం వేసి వచ్చేవాణ్ణి. వానలకు రాళ్లు కుంగిపోతాయని, ఎవరి సమాధి ఎక్కడుందో కొలిచి రాసుకున్నాను. మేస్త్రీ పని చేసినవాణ్ణి. కొలతకు కదలని గుర్తు కావాలని తెలుసు. చెట్టు పడిపోవచ్చు, గుడిసె కూలవచ్చు, సిగ్నల్ స్తంభం మాత్రం కదలదనుకున్నాను. మా తండ్రి సమాధి: స్తంభం నుంచి తూర్పుకు పదకొండు అడుగులు. అందరి కొలతలూ ఆ స్తంభం నుంచే.

నేను వెళ్లేసరికి స్తంభం లేదు. అంతటా కంకర. నోటుబుక్కు తెరిచి నిలబడ్డాను. అందులోని ఒక్క అంకె కూడా నేల మీదికి దిగలేదు.

రైల్వే కార్యాలయంలో గుమాస్తా నా పుస్తకం తిరగేశాడు.

"పెద్దమనిషీ, మా నక్షల ఆడ శ్మశానమే లేదు. లేనిదాన్ని తీసేసినమని ఎట్ల రాసియ్యాలె?"

"గని మావోళ్ల బొక్కలు ఎల్లినయని ఊరోళ్లు జెప్పిండ్రు గదా సారూ. ఏడ ఏసిండ్రు?"

"మన్ను ఏడికో పోయింది. లారీలోళ్లకు ఎరుక."

తిరిగొచ్చి మా అక్కకు చెప్పాను. మంచం దిగలేని మనిషి. నోటి పదును మాత్రం తగ్గలేదు.

"శాబాష్ తమ్మీ! ఇన్నేండ్లు ఖంబా పట్టుకొని కొలిసినవ్, ఆళ్లు ఖంబనే పీక్కపోయిండ్రు. పొయ్యిల పెట్టు నీ బుక్కు."

ఆ వెంటనే గొంతు తగ్గించి అడిగింది: "బాపు ఏడున్నడో చెప్పురా. బియ్యం ఏ దిక్కుకు పెట్టాలె?"

తెలియదన్నాను. ఆమె గోడవైపు తిరిగింది. ఆ ఏటి పెత్రామాసకు మా గదిలో బియ్యం ఇవ్వలేదు. ఈసారికి అక్క ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆ జాగాను చదును చేయించినవారికి: అక్కడి మట్టిని ఎవరి ఆజ్ఞపై, ఎక్కడికి తరలించారు? బయటపడిన ఎముకలను ఏం చేశారు? మీ వద్ద సమాధానం ఉందన్న నమ్మకం నాకు లేదు. తెలియకపోతే తెలియదనే రాయండి. సంతకం, ముద్ర, తేదీలతో, లిఖితపూర్వకంగా, వచ్చే పెత్రామాసలోగా, మా అక్క చదివించుకొని వినేలా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. నోటిమాట చెల్లదు.