పిన్ని రాజు ఇంట్లో కూర్చోడు

మా పిన్ని చదరంగం ఆడే తీరు చూస్తే చదరంగం నేర్పేవాళ్ళకి కడుపు మండిపోతుంది. నేర్పేవాళ్ళంటే ఇంకెవరో కాదు, మా నాన్నే. మేడమీద గదిలో ఆయన పిల్లలకి పాఠాలు చెబుతారు. కింద వీధివైపు గదిలో పిన్ని, అంటే మా బాబాయి భార్య, బట్టలు కుడుతుంది. దారపుండల డబ్బాకి ఫోను ఆనించి, కాస్త చెయ్యి ఖాళీ అయితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మూడు నిమిషాల ఆట మొదలెడుతుంది.

ఆట కాదది, దౌర్జన్యం. రాజు ముందున్న బంటుని తోసి, రెండో ఎత్తుకే రాజుని బయటికి నడిపిస్తుంది. లోకమంతా రాజుని మూలన దాచుకుంటుంటే ఈవిడ రాజు వీధిన పడతాడు. "రాజయితే ఏంటట? అందరూ చస్తుంటే వీడొక్కడూ ఇంట్లో కూర్చుంటాడా?" అంటుంది. అవతలివాళ్ళు ఏం వేస్తారో ఊహించి, వాళ్ళు వేయకముందే తన ఎత్తు ఫోన్‌లో వేసి పెట్టేస్తుంది. ఊహ తప్పి మంత్రి ఊరికే పోయిన ఆటలు బోలెడు. అయినా ఓటమి ఒప్పుకోదు. "మంత్రి పోయాడు, నేను పోలేదుగా!" అని మిగిలిన బంట్లతో మీదపడుతుంది. ఆ దూకుడుకి గాభరాపడి అవతలివాళ్ళే ఏదో పిచ్చి ఎత్తు వేసేస్తారు.

ఒకరోజు పాఠంలో నాన్న, "ఇలా మాత్రం ఆడకండర్రా, ఇది కుట్టుమిషను ఆట," అన్నారు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన చొక్కా ఇవ్వడానికి పైకొచ్చిన పిన్ని గుమ్మంలోంచి అంతా వింది.

"బావగారూ, నాతో ఒక్క ఆట ఆడండి. ఓడిపోతే ఫోన్‌లోంచి ఆ ఆట తీసేస్తాను. గెలిస్తే మీరింకెప్పుడూ నన్ను వెక్కిరించకూడదు."

"చెక్క బల్ల మీద ఆడాలమ్మా."

"ఇనప బల్ల మీదైనా ఆడతా."

నాకు భయమేసింది. నడుం బిగుతైందనీ చేతులు పొడవయ్యాయనీ పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ సణుగుడు వినే మనిషికి తనదంటూ ఉన్న సరదా అదొక్కటే.

బల్ల పక్కన ఇద్దరికీ చెరో మీట ఉన్న గడియారం పెట్టారు. ఎవరి సమయం ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టే. ఎత్తు వేశాక మన మీట మనమే నొక్కాలి. అప్పుడే మన సమయం ఆగి, ఎదుటివాళ్ళది కదులుతుంది. ఫోన్‌లో ఈ బాధ లేదు, అదే ఆగుతుంది. పిన్ని రెండో ఎత్తుకే రాజుని నడిపించింది. ఆట మధ్యలో ఒక గుర్రాన్ని దూకించి, చేతులు కట్టుకుని వెనక్కి వాలింది. మీట నొక్కలేదు.

నాన్న చూశారు. చూసి, చెంపకి చెయ్యి ఆనించి దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కూర్చున్నారు. నియమం ప్రకారం ఆయన చెప్పక్కర్లేదు, చూసేవాళ్ళు నోరు విప్పకూడదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కన్నతండ్రి కాకపోతే బల్ల ఎత్తి పడేసేదాన్ని.

పిన్ని గడియారం వైపు చూసేసరికి ఆమెకి మిగిలింది చిటికెడు సమయం.

"ఓహో, అలాగా!" అని మీట నొక్కింది. ఇక ఆ చేతులు ఆగలేదు. విచిత్రం ఏంటంటే, బోలెడు సమయమున్న నాన్న కూడా ఆమె వేగానికే ఆడటం మొదలెట్టారు. ఆయన మంత్రి పోయాడు. పిన్ని రాజు నడిచి నడిచి నాన్న రాజు ఎదుటికే వచ్చి నిలబడ్డాడు. ఇంకొక్క ఎత్తుతో ఆటకట్టు. పిన్ని ఏనుగుని చేతిలోకి తీసుకుంది. గడియారం కూసింది.

"సమయం అయిపోయిందమ్మా," అన్నారు నాన్న. ఆ గొంతులో సంతోషం లేదు.

పిన్ని ఫోను తీసి, అందరూ చూస్తుండగా ఆ ఆటని తీసేసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"మీట నొక్కలేదని నాన్నకి తెలుసు పిన్నీ!"

"నాకూ తెలుసు. నువ్వూరుకో," అంటూ పావులన్నీ మళ్ళీ పేర్చసాగింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు నాన్న.

"ఫోన్‌లోంచి తీసేస్తానన్నాను, తీసేశాను. ఆడనని అన్లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పోయారు కాబట్టి ఇక రోజూ మీరే దొరికారు నాకు. కూర్చోండి బావగారూ."

నాన్న పిల్లల వైపు చూశారు. ఎవరూ నవ్వడం లేదు. ఆయన కూర్చున్నారు.

పిన్ని రాజు ముందున్న బంటుని తోసి, గది అదిరేలా మీట మీద కొట్టింది.