అవ్వ అడిగిన దర్వాజ

మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా మా అన్న ఒక కథ మొదలుపెడతాడు. "మీరేం చూసిండ్రురా! మా చిన్నప్పుడు గాలివాన కొడితే దసరా సంది దీపావళి దాటేదాక కరెంటే లేదు. అయినా అందరం ఒక్క దగ్గర కూసుండి, కలిసి తిని, ఎంత మంచిగున్నమో!" అని పిల్లలకు చెబుతాడు. వాళ్ళు నోరు తెరుచుకుని వింటారు.

నేను ఒప్పుకోను. అందరం అంటే ఎవరట? ఈయనగారు పొద్దున లేస్తే బజార్లో చాయ్ హోటల్ బల్ల మీద ఉండేవాడు, అక్కడ బ్యాటరీ రేడియో ఉంది కాబట్టి. బాపు చేనులో ఉండేవాడు. ఇంట్లో మిగిలింది మమ్మల్ని కన్న అవ్వ, ఆడపిల్లనైన నేను. చీకటి మమ్మల్ని ఎవరితోనూ కలపలేదు. చీకట్లో నాకు గుర్తున్నవి దోమలే. కలిపింది కూలిన గోడ, ఆగిన పిండి గిర్ని. ఆ సంగతి మా అన్నకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మాది బోధన్. తుఫాను అంటే సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళ బాధ అనుకునే ఊరు. ఆ ఏడు అది మా దాకా వచ్చింది. వాన తెరిపిచ్చాక చూస్తే రుద్రూర్ తోవ పొడుగునా కరెంటు స్తంభాలు పడి ఉన్నాయి. నిలువెత్తు దాటిన చెరకు చాప పరిచినట్టు నేలకు ఒరిగింది. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య ఉన్న మట్టిగోడ నానిపోయి కూలింది.

పక్కిల్లు ఖాలాది. ఉర్దూలో పిన్ని అని, నేను అలాగే పిలిచేదాన్ని. ఆమె భర్త ఎడ్లబండ్లు బాగుచేసేవాడు. ఖాలా పరదా పాటించే మనిషి, బయటికి వస్తే బుర్ఖాలోనే, అదీ ఎప్పుడో ఒకసారి. అన్నేళ్ళు పక్కపక్కన ఉన్నా అవ్వకూ ఆమెకూ ఒకరి గొంతు ఒకరికి తెలుసుగానీ, ముఖాలు చూసుకున్నది పండక్కో పెళ్ళికో. గోడ పడ్డ పూటే మగవాళ్ళిద్దరూ కలిసి చెరకాకుతో తడక కట్టి అడ్డం నిలబెట్టారు. మా ఇంటి కప్పు కారుతున్నా వాళ్ళకు ముందు గుర్తొచ్చిన మరమ్మతు అదే.

ఊళ్ళో గిర్ని అప్పటికే పాత ఇంజన్ అమ్మేసి కరెంటు మోటారు పెట్టుకుంది. కరెంటు లేకపోతే పిండి లేదు, పిండి లేకపోతే రొట్టె లేదు. మా ఇసుర్రాయిని అవ్వ, ఇక గిర్ని ఉంది కదా అన్న సంబరంలో, ఎవరికో ఇచ్చేసింది. ఖాలా ఇంట్లో రాయి ఉంది, తిప్పడానికి రెండో మనిషి లేదు. జొన్నలు విసరాలంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకోవాలి. ఒక్కరితో ఆ రాయి కదలదు.

తడక అవతలి నుంచి ఖాలా పిలిచింది. "ఓ అక్కా! జొన్నలున్నయా? రాయి నాది, చెయ్యి నీది."

మగవాళ్ళు పొద్దున్నే వెళ్ళేవారు. బాపు కూలివాళ్ళతో చేనుకు పోయి, ఒరిగిన చెరకును లేపి, దాని ఆకులనే జడల్లా అల్లి, గడలను ఒకదానికొకటి కట్టి నిలబెట్టే పనిలో ఉండేవాడు. ఖాలా భర్తకు విరిగిన బండ్లు చేతినిండా. ఇద్దరూ వీధి మలుపు తిరగగానే అవ్వ తడక జరిపి ఖాలా పెరట్లోకి పోయేది. సాయంత్రం వాళ్ళు వాకిట్లో నిలబడి దగ్గి మరీ లోపలికి వచ్చేవారు. దగ్గు వినబడగానే తడక దాని చోట అది ఉండేది.

మా బడి రేకులు ఎగిరిపోయి నాకు సెలవులు. రాయి కన్నులో గుప్పెడు గుప్పెడు జొన్నలు పోయడం నా పని.

"చెయ్యి పెట్టుడే గాని తిప్పుతలేవక్కా," అనేది ఖాలా.

"తిప్పేదంత నేనే. నువ్వు ఊయల ఊగుతున్నవ్."

"గట్లనా? అయితే ఇడుస్త సూడు." పిడి వదిలేసేది. రాయి ఆగిపోయేది. "అగో! ఎవ్వల జోరు తెలిసిందా?"

"తెలిసింది తియ్. గంత జోరుంటే మీ ఆయన ముంగట సూపియ్యరాదు?"

ఖాలా నవ్వు వీధిలోకి పోకుండా దుపట్టా కొంగు నోట్లో కుక్కుకునేది. అవ్వకు ఆ జాగ్రత్త లేదు. ఒళ్ళంతా పిండి పడి, తల వెనక్కి వేసి నవ్వేది. అవ్వకు అలా నవ్వడం వచ్చునని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అవ్వ ముఖంలో ఆ నవ్వు కోసం వెతికాను. చిన్న చిన్న నవ్వులు దొరికేవి.

స్తంభాలు లేపుతున్నారన్న వార్తకు వాడకట్టంతా సంబరపడింది. అవ్వ మాత్రం "అప్పుడేనా?" అంది. బాపు గోడకు మేస్త్రిని మాట్లాడాడు.

"గోడ కడితే కట్టుండ్రి, నడుమ ఒక దర్వాజ ఇడువుండ్రి," అంది అవ్వ. "వంగి పోయేంత ఉన్నా సాలు."

"దర్వాజెందుకే? వీధి లేదా? సుట్టు తిరిగి పో."

"సుట్టు తిరిగి పోతే యాడికి పోతున్నవని నల్గురడుగుతరు. గోడలకెల్లి పోతే ఎవ్వలడుగరు."

బాపు కాదనలేదు. ఖాలా కూడా తన భర్తను అడిగింది; ఆయన తడక అవతల "అచ్ఛా" అనడం నేను విన్నాను. అవ్వ తనే రెండు రాళ్ళు పెట్టి దర్వాజ చోటు మేస్త్రికి చూపించింది. ఈలోపు కోటగిరిలో మేనమామ ఇంట పురుడొచ్చి, నన్ను వెంటబెట్టుకుని పోయింది.

మేం తిరిగొచ్చేసరికి ఇంట్లో బల్బు వెలుగుతోంది. అవ్వ చేతి సంచి దించకుండానే పెరట్లోకి నడిచింది. గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా నిండుగా ఉంది. తడి ఇంకా ఆరలేదు.

"దర్వాజేది?"

"వద్దనుకున్నరు," అన్నాడు బాపు. ఎవరనుకున్నారో చెప్పలేదు.

అవతలి నుంచి ఖాలా గొంతు వినిపించింది. "అక్కా, వచ్చినవా?"

"వచ్చిన," అంది అవ్వ.

అంతే. దర్వాజ ఏమైందని గోడ మీంచి అరిచి అడిగితే వాడకట్టంతా వింటుంది. అవ్వ అడగలేదు. రంజాన్‌కు వీధి తోవన ఖాలా ఇంటికి వెళ్ళి, నలుగురితోపాటు మంచం అంచున కూర్చుని, సేమియా తిని వచ్చేది. జొన్నలు మళ్ళీ గిర్నికే పోయాయి. ఆ పిండి మాడు వాసన వస్తుందని అవ్వ బతికినన్నాళ్ళూ సణుగుతూనే ఉంది.

నిజామాబాద్ కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పుడు నేను బాపుతో వాదం పెట్టుకున్నాను. "ఎవ్వలు వద్దన్నరు బాపూ?" అంటే "ఎప్పటి ముచ్చటే గది" అని లేచిపోయాడు. అవ్వ పోయాక, ఖాలా కూడా లేని రోజుల్లో, నిజామాబాద్ బట్టల దుకాణంలో ఖాలా బిడ్డ కలిసింది. "మీ బాపే వద్దన్నడని మా అమ్మీ అనుకున్నదక్కా. నీ తోని చెప్పద్దు గాని, ఆ రోజు శాన ఏడ్సింది," అంది. అవ్వ మాత్రం ఖాలా వాళ్ళే వద్దన్నారని అనుకుంటూ పోయింది.

మేస్త్రి దెగ్లూర్ దిక్కు మరాఠీ మనిషి, పని కాగానే వెళ్ళిపోయాడట. బాపు, ఖాలా భర్త ఇద్దరూ ఇప్పుడు లేరు. మా అన్నకు రేడియోలో ఏ పాట వచ్చిందో గుర్తుంది, గోడ గుర్తు లేదు. ఆ మగవాళ్ళలో ఒకరు నిజంగా వద్దన్నారా? లేక ఎదుటివాడికి ఇష్టముండదేమోనని ఎవరికి వారే అనుకుని, ఒకరినొకరు అడగకుండా మర్యాద కోసం మూయించారా? అవ్వ పెట్టిన ఆ రెండు రాళ్ళు తీసెయ్యమని మేస్త్రికి చెప్పిందెవరు?