గోడకు అవతలి పరుపు

రోజూ పొద్దున్నే, పళ్ళు తోముకోకముందే, ఆయన చేసే పని ఒకటుండేది. పొడిగుడ్డ తీసుకుని స్నానాలగదిలో కుళాయి కింది గోడను పైనుంచి కిందికి తుడిచేవాడు. ఆ గుడ్డను వంటింట్లో ఉన్న భార్య ముఖం ముందు జెండాలా ఆడించేవాడు.

"చూశావా? చుక్క తడి లేదు!"

"చూశాను లెండి. ముందు ముఖం కడుక్కోండి," అనేది ఆవిడ.

బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. వీధికంతటికీ ఆయన కండక్టరుగారే. ఇల్లు కట్టినప్పుడు గోడల్లో వేసినవి బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టాలు. పెళుసెక్కి పగులుతాయని అలాంటివి ఇప్పుడెవరూ వాడటం లేదు. వీధిలో ఒక్కొక్కరే తీయించేసినా ఈయన మాత్రం ససేమిరా అన్నాడు. స్నానాలగది గోడ చెమ్మెక్కినప్పుడు కూడా ఎవరినీ పిలవలేదు. తనే గట్టిగా సిమెంటు పట్టించి, పైన పలకలు అంటించాడు. చెమ్మ మాయమైంది. అప్పటినుంచీ ఆ గుడ్డ తుడుపు.

వాళ్ళింటికీ పక్కింటికీ మధ్య ఆ స్నానాలగది గోడ ఒక్కటే. అవతలి గదిలో పక్కింటి మామ్మగారు పడుకునేది. ఒకసారి మంచం మీదనుంచి జారిపడ్డాక ఆవిడకు నేలమీదే పరుపు వేశారు, గోడవారగా.

కొన్నాళ్ళకు ఆ పరుపు పొద్దున్నే తడిసి ఉండటం మొదలైంది. కోడలు మంచిపిల్ల. పిల్లలు లేవకముందే దుప్పటి ఉతికేసి, పరుపు పిట్టగోడ మీద ఎండేసేది. వాసన రాకపోవడం కోడలి శుభ్రత అనుకున్నారు. గోడ అడుగున చెమ్మ కూడా తడిసిన పరుపు వల్లేననుకున్నారు. ఆ పిల్ల ఒక్క మాట అనేది కాదు. అనకపోవడంతోనే మామ్మగారికి మరింత సిగ్గు.

"నాకు తెలియకుండానే అయిపోతోందే అమ్మాయ్," అని తల దించుకునేది. పెద్దకూతురి కూతురు పురిటి మంచం మీదనుంచి రమ్మని కబురు పెడితే, "అక్కడ వాళ్ళ పరుపులు కూడా పాడుచెయ్యనా?" అని కదల్లేదు. మునిమనవణ్ణి ఇంతవరకూ ఎత్తుకోలేదు.

ఒకరోజు ఎండేసిన పరుపు చూసి కండక్టరుగారు కోడలికి సలహా కూడా ఇచ్చాడు. "పెద్ద వయసు కదమ్మాయ్! పొద్దువాలాక నీళ్ళు తగ్గించండి. దూరం బస్సుల్లో మేం చేసేదదే." ఆయన గొంతు బస్సు చివరి సీటుదాకా వినపడే గొంతు. లోపల మామ్మగారికి వినపడింది. ఆ రోజునుంచీ పొద్దువాలాక ఆవిడ మంచినీళ్ళు ముట్టలేదు.

ఇంతలో వంటింట్లో గిన్నె తగిలి, కుళాయి దగ్గర బయటికున్న గొట్టం పెంకులా పగిలింది. నీళ్ళు పైకప్పుదాకా చిమ్మాయి. ఇక తప్పక ప్లంబరు వచ్చాడు. ముక్క తీసి ఎండుపుల్లలా విరిచి చూపించాడు.

"ఇది మీకన్నా ముందే రిటైరవ్వాల్సింది కండక్టరుగారూ! అన్నీ మార్చాల్సిందే."

స్నానాలగది దగ్గర ప్లంబరు చెమటలు కక్కాడు. "ఈ పలకలు ఎవరు వేశారండీ బాబూ, ఊడి రావడంలేదు!"

"నేనే," అన్నాడాయన మీసం దువ్వుతూ.

పలకలూ సిమెంటూ ఊడాక చూస్తే, లోపల గొట్టం మలుపు దగ్గర నిలువునా చీలి ఉంది. ఇటువైపు పొడి. అటువైపు ఇటుకలు బురదలా చేతికొచ్చాయి.

"ముందు తలుపు మూసేస్తే జనం వెనక తలుపునుంచి దిగరూ? నీళ్ళూ అంతే. రాత్రి కుళాయిలన్నీ కట్టేస్తారుగా, అప్పుడు ఒత్తిడి పెరిగి మరీ కారుతుంది," అన్నాడు ప్లంబరు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల, నేలకు జానెడెత్తులో, మామ్మగారు దగ్గింది.

కండక్టరుగారు బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. గొంతు బాగా తగ్గించి, "ఏమయ్యా, కొత్తది పెట్టి గబగబా కప్పెయ్యి. పక్కవాళ్ళతో అనకు," అన్నాడు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. "ఏవండీ... మామ్మగారండీ..." అంది.

ఆ వెనకాలే పక్కింటి కోడలు బిందె చంకన పెట్టుకుని వచ్చింది. "పిన్నిగారూ, మీకు నీళ్ళు కట్టేశారుగా, తాగడానికి తెచ్చాను. బాబాయిగారూ, పొద్దుటినుంచీ దుమ్ములో ఉన్నారు. ముందు గొంతు తడుపుకోండి," అని గ్లాసు నింపి చేతికిచ్చింది.

ఆయన గ్లాసు నోటిదాకా తెచ్చి, తాగకుండానే దించేశాడు. ఆ పూట ఆ నీళ్ళు పంపింది దేవుడేనని ఆయన భార్య ఇప్పటికీ అంటుంది. గ్లాసు కిందపెట్టి, తల వంచుకుని, ఆ పిల్లకు గోడలో కన్నం చూపించాడు. తను కప్పెయ్యమన్న సంగతి కూడా చెప్పాడు.

కోడలు చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో! నేను రబ్బరు షీటు కూడా కొన్నాను బాబాయిగారూ..."

ఆయన తిన్నగా మామ్మగారి గదిలోకి వెళ్ళి నేలమీద కూర్చున్నాడు.

"మామ్మగారూ, పరుపు తడిపింది మీరు కాదు. మా గొట్టం."

"నన్ను ఓదార్చమని కోడలు పంపిందా నాయనా?"

"కాదండీ. గొట్టం నాది, సిమెంటు నాది. మిమ్మల్ని నీళ్ళు తాగొద్దన్న పాడునోరూ నాదే."

మామ్మగారు చెయ్యి చాచి గోడ అడుగున తడిమింది. తడి వేళ్ళను కళ్ళ దగ్గరికి తెచ్చి చూసుకుంది. తర్వాత, "నా ఒళ్ళు బాగుచెయ్యమని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నానే! పాపం, ఎక్కడ బాగుచెయ్యాలో తెలీక ఆయనెంత తికమకపడ్డాడో," అని నవ్వింది.

కోడలు నవ్వబోయి ఏడ్చింది. కండక్టరుగారు ముఖం ఎత్తలేదు. మామ్మగారి నవ్వూ నిలవలేదు.

"రేపు పొద్దున మళ్ళీ తడిస్తే ఏం చెయ్యను నాయనా? అప్పుడింకెవరి మీద వెయ్యను?"

"ఈ గోడ ఆరేదాకా మీరు మా ఇంట్లో పడుకోండి. నా పరుపే కింద వేయిస్తాను. రబ్బరు షీటూ గిబ్బరు షీటూ వద్దు."

"వద్దు బాబూ! నీ పరుపు పాడైతే?"

"కాదనకండి మామ్మగారూ," అన్నాడాయన, చేతులు జోడించి. "మీరు దాని మీద హాయిగా నిద్రపోయి లేస్తే తప్ప నేనీ వీధిలో తలెత్తుకోలేను. నాకీ ఒక్క సాయం చెయ్యండి."