మా మరిదికి తాలీం మట్టి

మా మరిది పోయాడు. శుక్రవారం పొద్దున పదింటికి గుంటూరాయన ఫోన్ చేశాడు. మా మరిదితో కలిసి టికెట్టు కుస్తీలు ఆడినవాడు, ఏళ్ళ తరబడి నా చేతి అన్నం తిన్నవాడు. "అమ్మగారూ, అన్నయ్య పడిపోయాడండి," అన్నాడు. పడటమే వాళ్ళ పని. "పడితే లేవమను," అన్నాను. "లేవట్లేదండి," అన్నాడు.

మణికొండలో టికెట్టు కుస్తీవాళ్ళు సాధన చేసే రేకుల షెడ్డు ఉంది. వెన్ను విరగకుండా వెల్లకిలా ఎలా పడాలో కొత్తవాళ్ళకు చూపిస్తూ అక్కడే పడ్డాడు. మెదడులో నరం చిట్లిందని డాక్టర్లు తర్వాత చెప్పారు. ఆంబులెన్స్ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎందుకుందో చెబుతాను. ఉండి కూడా దక్కలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా మాటను మెత్తగా చేస్తే ఊరుకోనని ముందే చెప్పాను. మీరు చదివి ఏడవాలని కాదు నేనిది చెప్పడం. "నాటకం పహిల్వాన్ నాటకంలనే పోయిండు" అని మా కొత్తగూడలో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట అన్నవాళ్ళకు ఇది నా జవాబు.

మా తాలీంలో ఒక ఆచారం ఉంది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. పహిల్వాన్ ఎవరు పోయినా పాడెను తాలీం గుమ్మం ముందు దించుతారు. తాలీం నడిపే ఉస్తాద్ లోపలున్న గోదాలోంచి పిడికెడు ఎర్రమట్టి తెచ్చి పోయినవాడి గుండె మీద వేస్తాడు. అది పడితేనే మనిషి పహిల్వానుగా పోయినట్టు. మా మరిది ఇంకా దవాఖానలో ఉండగానే ఉస్తాద్ కబురు పంపాడు, పైసలు తీసుకుని ఓడినవాడికి మట్టి లేదని.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మా మరిదికి ఐదేళ్ళు. తల్లి లేదు. పెళ్ళి పందిట్లోనే నా చెయ్యి కొరికాడు. ఆ గాటు ఇప్పటికీ ఉంది. నేను కూడా ఊరుకోలేదు, కొత్త పెళ్ళికూతురినని చూడకుండా చెంప పగలగొట్టాను. అప్పటినుంచి మాకు పడింది.

పదేళ్ళకు తాలీంలో చేరాడు. ఇరవై వచ్చేసరికి చెవులు రెండూ నలిగి గోబీపువ్వుల్లా అయ్యాయి. ఒకసారి పండుగ కుస్తీల్లో తనకంటే గంపెడు ఎక్కువ బరువున్నవాడితో పడ్డాడు. వాడు మా మరిది ముక్కు చితకగొట్టాడు. మా మరిది వాడి భుజం గూడులోంచి ఊడదీశాడు. ఆ ఎముక జారిన చప్పుడు గోడ అవతల ఆడవాళ్ళలో కూర్చున్న నాకు వినిపించింది. జనం ఎగబడి నోట్లు చేతిలో కుక్కారు. మా మరిది అవన్నీ ముక్కు నెత్తురుతో సహా తీసుకుపోయి ఓడినవాడి ఒళ్ళో పడేసి వచ్చాడు.

"గవి ఎందుకిచ్చినవ్ రా?" అన్నాను ఇంటికొచ్చాక, పసుపు అద్దుతూ.

"పైసలు చేతులుంటే పట్టు జారుతది ఒదినె."

ఊరంతా ఆ మాటను మెచ్చుకుంది. నేను మెచ్చుకోలేదు. ఇద్దరు మనుషులు తాగే పాలు ఒక్కడే తాగేవాడు. ఆ పాలు నా గేదెలవి. వాడి బాదంపప్పు మా ఆయన లారీ తోలి తెచ్చిన డబ్బుతో వచ్చేది, నా చేతులతో నూరేదాన్ని. "నువ్వు పైసను ముట్టవు. నీ బదులు మేం ముడుతున్నం, గంతే," అన్నాను. నవ్వి గ్లాసు ముందుకు జరిపాడు.

ఆ నవ్వు మా ఆయన లారీ బోల్తా పడిన ఏడాదితో పోయింది. మా ఆయన కాలు తీసేశారు. గేదెల్ని అమ్మేశాం. గేదెలు మేసిన బండల మీద అప్పటికే అద్దాల మేడలు లేస్తున్నాయి. మా మరిది మాదాపూర్‌లో ఒక బార్ గుమ్మంలో నల్ల చొక్కా వేసుకుని నిలబడే పనికి కుదిరాడు. నెల జీతానికి మనుషుల్ని కొట్టే పని. ఒక పొద్దున చెయ్యి వాచి వచ్చాడు. వేలి కణుపులో ఏదో తెల్లగా దిగి ఉంది. సూదితో తీశాను. మనిషి పన్ను.

"ఎవనిదిరా ఇది?"

"తెల్వది ఒదినె. మెడల ట్యాగున్నది. పైసలు ఇయ్యనన్నడు, ఓనర్ కొట్టుమన్నడు."

"నువ్వు అడిగినవా, ఎందుకు కొట్టాల్నని?"

"అడిగితే ఇంకొకన్ని పెట్టుకుంటరు."

ఆ పన్నును పెరట్లో పాతిపెట్టాను. ఎవరో తల్లి కన్నబిడ్డ పన్ను, చెత్తలో వెయ్యబుద్ధి కాలేదు.

ఆ బార్‌లోనే టికెట్టు కుస్తీల మేనేజర్ వీడిని చూశాడు. అది వేరే కుస్తీ. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. రంగుల దీపాలు, తాళ్ళు కట్టిన రింగు, మొహానికి ముసుగులు. మా తాలీంవాళ్ళు దాన్ని నూరా కుస్తీ అంటారు, అంటే దొంగ కుస్తీ. బార్‌లో ఆరు నెలలకు వచ్చేది ఇక్కడ ఒక్క ఆటకు ఇస్తామన్నారు. మా మరిది రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు పోయాడు.

మొదటి ఆట చూడ్డానికి నన్నూ తీసుకుపోయాడు. ఒక పెద్ద మాల్‌లో, పై అంతస్తులో. ఎదుటివాడు ఈ గుంటూరాయనే, అప్పుడు సన్నగా ఉండేవాడు. మా మరిది ఓడిపోవాలని ఒప్పందం. ఇద్దరూ చేతులు కలిపారు. గుంటూరాయన మా మరిది చెయ్యి రెండుసార్లు గట్టిగా నొక్కాడు. అంతే, మా వాడి మెడ నరాలు లేచాయి. ఆ మనిషిని నడుము పట్టి ఎత్తి నేలకు కొట్టాడు. రింగు కింద చెక్కలు పగిలిన శబ్దం వచ్చింది. చెక్కలు కాదు, మెడ కింది బొమిక. జనం ఈలలు వేశారు. నిజంగా విరిగిందని ఆ హాల్లో తెలిసింది ముగ్గురికే, వాళ్ళిద్దరికీ నాకూ.

మా మరిది దవాఖానలో బత్తాయిలు పట్టుకుని మంచం పక్కన నిలబడితే గుంటూరాయన ఏడవాలో నవ్వాలో తెలియక అన్నాడు: "అన్నయ్యా, మా ఆటలో చెయ్యి నొక్కితే, బాగానే ఉన్నావా, మొదలెడదామా అని అడిగినట్టండి. అవతలోడు తిరిగి నొక్కితే బాగున్నానని. నేను క్షేమం అడిగితే మీరు బొమిక ఇరగ్గొట్టారు!"

మా తాలీంలో కుస్తీకి ముందు సలామీ చేసి చేతులు కలిపినప్పుడు చెయ్యి నొక్కితే అర్థం ఒకటే, దమ్ముంటే రా. పదిహేనేళ్ళు ఆ మట్టిలో బతికినవాడికి ఇంకో అర్థం ఎట్లా తెలుస్తుంది? "నాకు ఎవ్వడు చెప్పలే," అన్నాడు మా మరిది, బత్తాయి తొక్క తీస్తూ. తొనలు గుంటూరాయన నోట్లో పెట్టాడు. ఆనాటినుంచి వాళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లల్లా అయ్యారు.

ఆ తర్వాతి ఏళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా మరిదికి పైసల రుచి తెలిసింది. ఆ ఆటలో నెత్తురు వస్తే ఒక రేటు, రాకపోతే ఒక రేటు. చేతి కట్టులో బ్లేడు ముక్క దాచుకునేవాడు. కింద పడ్డప్పుడు ఎవరూ చూడకుండా నుదురు కోసుకునేవాడు. చెమటతో కలిసి నెత్తురు మొహమంతా పారేది. నుదురు దుక్కి దున్నినట్టు అయింది. ఇంటికి ఫ్రిజ్జు వచ్చింది, మోటార్‌సైకిల్ వచ్చింది, పైన ఇంకో అంతస్తు వచ్చింది. మా ఆయన మందులు ఒక్కరోజు ఆగలేదు. నా మనవరాలి కాలేజీ ఫీజు కూడా ఆ నుదుటిలోంచే వచ్చింది. ఈ మాట రాయడానికి అది ఇప్పుడు పెన్ను ఆపి కూర్చుంది. రాయవే, నిజమే కదా.

ఒకరోజు కట్టు మారుస్తుంటే అన్నాడు: "ఓడినందుకు గెలిచినోని కన్నా ఎక్కువ ఇస్తున్నరు ఒదినె. తాలీంల ఇన్నేండ్లు గెలిచి ఏం పీకిన? ఇంకో రెండు కోతలు పెడితే ఏసీ వస్తది."

చేతిలో ఉన్న పసుపు గిన్నె మొహాన కొట్టాను. కుట్లు తెగాయి. "నీ తోలు ఒలిచి అమ్ముకో, ఇంకా ఎక్కువొస్తది," అన్నాను. వాడు మొహం తుడుచుకుంటూ, "ఎవడన్న కొంటే చెప్పు," అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ రోజు నాకు వాడంటే భయం వేసింది. మొత్తం జీవితంలో ఆ ఒక్కరోజే.

మా మరిది మారింది గుంటూరాయన మెడ విరిగిన రోజు. కోకాపేటలో కొత్త మేడల అమ్మకానికి జనాన్ని రప్పించడానికి ఆరుబయట ఆట పెట్టారు, నేనూ పోయాను. గుంటూరాయన తాళ్ళ మీదికెక్కి దూకాడు, తల కిందుగా పడ్డాడు. మా మరిది పక్కన మోకరించి చెయ్యి నొక్కాడు. తిరిగి నొక్కలేదు. మళ్ళీ నొక్కాడు. లేచి "ఆపుండ్రి! మనిషి సచ్చిపోతున్నడు!" అని అరిచాడు. జనం ఇంకా పెద్దగా చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. మా మరిది ఎంత అరిస్తే అంత బాగా నటిస్తున్నాడని నవ్వారు. నిజంగా ఏడుస్తున్నవాడిని చూసి ఇంతమంది నవ్వడం నేనెక్కడా చూడలేదు. అక్కడ ఆంబులెన్స్ లేదు. ఎవరిదో కారు వెనక సీట్లో మెడకు నా చీర కొంగు చించి మడిచి పెట్టి తీసుకుపోయాం.

ఆపరేషన్‌కు డబ్బు కట్టమంటే మేనేజర్ అన్నాడు: "ఇదంతా యాక్టింగేనండి. యాక్టింగులో దెబ్బలు తగలవని వాళ్ళే సంతకం పెట్టారు కదా."

నేను చెప్పు తీశాను. ఎన్ని కొట్టానో గుర్తులేదు. వాచ్‌మన్ నా రెక్క పట్టుకుంటే వాడికీ తగిలాయి. మా మరిది మాత్రం కొట్టలేదు. మేనేజర్ మెడను తన మోచేతి మడతలో బిగించి, చాలా నెమ్మదిగా అన్నాడు: "ఇది గూడ యాక్టింగే సార్. మీరు చెయ్యి నొక్కండి, ఇడుస్త." మేనేజర్ మొహం నల్లబడేదాకా పట్టాడు. డబ్బు సాయంత్రానికి వచ్చింది. గుంటూరాయన బతికాడు, మెడ మాత్రం ఇప్పటికీ పక్కకు తిరగదు.

ఆనాటినుంచి మా మరిది ఒక్క షరతు పెట్టాడు. గేటు దగ్గర ఆంబులెన్స్ నిలబడితేనే రింగులోకి కాలు పెడతాడు, సాధనలో కూడా. అడ్వాన్స్ తన పేరున కాదు, ఆడే అందరి పేరునా ముందే దవాఖానలో కట్టాలి. మూడు కంపెనీలు వద్దన్నాయి. ఏడాదిన్నర పని లేదు, మోటార్‌సైకిల్ అమ్మేశాడు. నాలుగోది ఒప్పుకుంది. "పైసలు అడుగుడు సిగ్గు కాదు ఒదినె. అడగకుండ సచ్చుడు సిగ్గు," అన్నాడు. మొదట పైసను ఉమ్మినట్టు చూసినవాడు, తర్వాత దానికోసం నుదురు కోసుకున్నవాడు, చివరికి పక్కవాడి మెడ కోసం దాన్ని అడిగాడు. నేను చూసిన ఈ ముగ్గురు మనుషుల్లో ఈ చివరివాడే నాకు పెద్ద పహిల్వాన్.

శనివారం పాడెను తాలీం ముందు దించాం. టికెట్టు కుస్తీవాళ్ళు ఎనిమిదిమంది మోశారు, ఒకడికి జుట్టు పచ్చరంగు. ఉస్తాద్ లోపల కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటాయి. గడప దాటి ఆడది లోపలికి పోకూడదు. నేను పోయాను.

"చెల్లె, బయట నిలవడు. కాయిదా కాయిదానే."

"ఇన్నేండ్లు బయటనే నిలవడ్డ. మట్టి ఇయ్యి, పోత."

"వాడు పైసలకు ఓడిండు."

"నువ్వు తాలీం ముందటి జాగల షట్టర్లు పెట్టి మొబైల్ దుకాణానికి ఇచ్చినవ్. ఆ కిరాయి తినుడు లేదా?"

"ఆ కిరాయి లేకుంటే ఈ గోడలు కూలిపోతుండె చెల్లె."

"వాని నెత్తురు లేకుంటే నా ఇల్లు కూలిపోతుండె అన్నా."

ఉస్తాద్ తల దించుకున్నాడు, కానీ లేవలేదు. మూలనున్న పార తీసుకుని గోదాలో దిగాను. ఎవడో వచ్చి నా చెయ్యి పట్టాడు. పార కర్రతో వాడి కాలెముక మీద ఒక్కటిచ్చాను, కూలబడ్డాడు. పార ఎత్తి మట్టిలో వేస్తే ఠంగుమని వెనక్కి ఎగిరింది. ఎన్నేళ్ళుగా ఎవరూ కుస్తీ పట్టలేదో, నూనె, మజ్జిగ తాగి మెత్తగా ఉండాల్సిన మట్టి బండలా బిగుసుకుపోయింది. మళ్ళీ వేశాను. అరచేతి తోలు లేచింది, మట్టి లేవలేదు.

అప్పుడు గుంటూరాయన గడప దగ్గర బూట్లు విప్పి, లోపలికి వచ్చి పార అందుకున్నాడు. "ఇటివ్వండి అమ్మగారూ." వెనకే మిగతావాళ్ళు చొక్కాలు విప్పి దిగారు. టీకొట్టు నుంచి నీళ్ళ డబ్బాలు తెచ్చి పోశారు. ఇనుప రాడ్లతో పొడిచారు, మోకాళ్ళతో నలిపారు. చేతులు చీరుకున్నాయి. చాలాసేపటికి జానెడు లోతున ఎర్రగా, తడిగా, పుల్లటి మజ్జిగ వాసనతో మట్టి కనిపించింది.

"గట్ల గాదు బే," అన్నాడు ఉస్తాద్ ఉన్నట్టుండి. "పారను పండవెట్టి దింపు. అడుగు మట్టి ఇరగొద్దు." పచ్చజుట్టువాడు పారను వాల్చి పట్టి చూశాడు. "ఆఁ, గట్ల."

మట్టి వెయ్యడానికి మాత్రం ఉస్తాద్ రాలేదు. నేనే తీసుకుపోయి మా మరిది గుండె మీద వేశాను. పిడికెడు కాదు, కొంగునిండా వేశాను.

గోదాలో అడుగుల గుర్తులు ఉండనివ్వరు. కుస్తీ అయిన వెంటనే దుంగ లాగి చదును చేస్తారు, లేకపోతే ఉస్తాద్ తిట్లు వీధి చివరిదాకా వినిపిస్తాయి. మూడోరోజు అటువైపు పోయి గడప బయటనుంచి చూశాను. దుంగ గోడకే ఆనించి ఉంది. మట్టిలో ఎనిమిది మంది పెద్ద పెద్ద పాదాలు, మోకాళ్ళ గుంటలు, వాటి మధ్య వంకర బొటనవేలితో నా పాదాలు, అన్నీ అట్లాగే ఉన్నాయి. పొద్దునే ఎవరో నీళ్ళు చల్లారు. నా మడమ దిగిన గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఉస్తాద్ చెంబు పట్టుకుని, ఆ గుర్తుల మీద కాలు పడకుండా, అంచు వెంట నెమ్మదిగా నడుస్తున్నాడు.