గూర్ఖా వాళ్ళమ్మాయి ఆట, నా భయం

మొన్న ఆదివారం పొద్దున, మదనపల్లెలో మా ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఖాట్మండు నుంచి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. రాసి పంపింది కాదు, గొంతుతో పంపింది. నేపాల్ దేశపు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టులో ఇన్నేళ్ళుగా ఫార్వర్డ్‌గా ఆడి గోల్స్ కొట్టిన మనిషి, అచ్చమైన పుంగనూరు తెలుగులో, నిన్న మొన్ననే మా టమాటా మండీ వీధిలోంచి లేచి వెళ్ళినట్టుగా మాట్లాడింది.

"మేడమ్, నేను ఆట నిలిపేసినాను. మోకాలు ఇంగ నా మాట ఇనేట్టు లేదు. నిన్ననే అందరికీ సెప్పేసినా. మీరు ఇంగ భయపడబల్లేదు."

ఆ చివరి మాట కోసమే నేను దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాను. భయపడనక్కర్లేదంటే ఎలా, ఆ పిల్ల విషయంలో నేను ఇంతకాలం చేసిన పనే అది. నా ఈడువాళ్ళు చదువుతూ ఉంటే వాళ్ళకు తెలుస్తుంది, పరాయివాళ్ళు తమ బిడ్డను మన చేతిలో పెట్టి పంపినప్పుడు గుండెలో మొదలయ్యే ఆ దడ, బిడ్డ పెద్దదై తన దారిన తాను పోయాక కూడా పూర్తిగా ఆగదు.

డ్రిల్లు టీచరుగా నాకు మొదటి ఉద్యోగం పుంగనూరులో ఒక హైస్కూల్లో వచ్చింది. మదనపల్లె నుంచి పొద్దున్నే బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. మా అత్తగారికి నా ఉద్యోగం మీద గౌరవమే గాని, ఆడపిల్లలకు నిక్కర్లు తొడిగించి ఊరూరా తిప్పుతానని తెలిసిన రోజున మాత్రం రెండు పూటలు మాట్లాడలేదు. ఖోఖో, కబడ్డీ అయితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఫుట్‌బాల్ ఆడపిల్లలకు అప్పుడప్పుడే మొదలైంది. మా ప్రాంతంలో మదనపల్లెలో ఒక జట్టు, పుంగనూరులో మాది, కుప్పంలో ఇంకొకటి, అంతే. బంతి కూడా మాకు ఒక్కటే ఉండేది, దాని తోలు ఊడితే బజారులో చెప్పులు కుట్టే సాయిబు కుట్టిచ్చేవాడు.

ఆ పిల్ల తండ్రి ఊళ్ళో గూర్ఖా. రాత్రంతా బజారులో కర్ర తట్టుకుంటూ, ఈల ఊదుకుంటూ తిరిగేవాడు. ఆ ఈల వినిపిస్తే ఊరు అటు నుంచి ఇటు ఒత్తిగిలి నిశ్చింతగా నిద్రపోయేది. తల్లి మండీలో టమాటాలు ఏరే పనికి పోయేది. ఒకసారి బస్సు కోసం మండీ పక్కన నిలబడి ఉండగా, పారబోసిన మెత్తటి టమాటాలను ఒక పిల్ల కాలితో ఒక్కొక్కటిగా తన్నుతూ, దూరంగా ఆగివున్న లారీ వెనక చక్రానికి సరిగ్గా తగిలిస్తూ ఉండటం చూశాను. మొదట మగపిల్లవాడనుకున్నాను. టైఫాయిడ్ జ్వరం వచ్చి జుట్టంతా రాలిపోతే తల్లి కురచగా కత్తిరించిందట. మరునాడు చూస్తే మా బడిలోనే ఏడో తరగతిలో చివరి బల్ల మీద కూర్చుని ఉంది.

జట్టులోకి తీసుకున్నాక తెలిసింది, ఆ పిల్లకు నాకన్నా భయం ఎక్కువని. ప్రతి ఆటకు ముందు చేతులు చల్లబడిపోయేవి, ఒక్కోసారి వాంతి చేసుకునేది. ఈ పిల్ల మనకు పనికిరాదేమోనని మొదట్లో అనుకున్నాను గాని, రెఫరీ ఈల ఊదిన క్షణం నుంచి ఆ వణుకంతా కాళ్ళలోకి దిగి పరుగైపోయేది. ఎవరో వెంట తరుముతున్నట్టు పరుగెత్తి, బంతి గోల్‌లో పడ్డాక గాని వెనక్కి తిరిగేది కాదు.

కుప్పంతో ఆట పెట్టుకున్న రోజు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు కలలోకి వస్తుంది. పలమనేరు దాటాక బస్సు అడవి పక్క దారిలో పోతుంటే, ఏనుగులు దిగి పొలాల మీద పడుతున్నాయని కండక్టరు చెప్పాడు. పిల్లలు కిటికీలకు అతుక్కుపోయి ఒకపక్క భయపడుతూ, ఒకపక్క కనబడితే బాగుండునని ఆశపడుతూ వచ్చారు. ఆ రోజు కుప్పంలో సంత. సంతకు వచ్చిన మగవాళ్ళంతా పనులు చూసుకుని, ఆడపిల్లల ఆట అనే వింత చూడటానికి గ్రౌండు చుట్టూ చేరారు.

మొదటి సగంలోనే మా పిల్ల ఒక గోలు కొట్టింది. కుప్పం గోల్‌కీపరు కూడా మంచి ఆటగత్తే. పొడుగ్గా, చేతులకు గుడ్డలు చుట్టుకుని, పడ్డ ప్రతిసారీ దులుపుకుని లేచేది. రెండో గోలు ఆమె వేళ్ళను రాసుకుంటూ లోపలికి పోయింది. అప్పుడు జనంలోంచి ఒక గొంతు లేచింది.

"ఇది ఆడపిల్ల కాదప్పా, మగపిల్లోడు! సూడు ఆ జుట్టు, సూడు ఆ పరుగు. నేపాలోళ్ళు వచ్చి మోసం సేస్తాండారు."

నవ్వులతో మొదలైంది. నవ్వులు ఉన్నంతసేపు ఫరవాలేదనుకున్నాను. ఆ నవ్వులు ఆగిపోయి, గీత అవతల ఉన్నవాళ్ళు గీత ఇవతలికి రావడం చూశాక పిల్లలందరినీ నా వెనక్కి రమ్మన్నాను. రెఫరీ బక్కపలచని మనిషి, ఈల ఊదుతూనే ఉన్నాడు గాని వినేవాళ్ళు లేరు. భుజాన తువ్వాలు వేసుకున్న ఒక పెద్దమనిషి నా ముందుకు వచ్చి, ఎంతో మర్యాదగానే అన్నాడు.

"అమ్మా, దీంట్లో తప్పేముండాది? ఆ రూములోకి తోలకపోండి. మా ఆడోళ్ళు సూసి సెప్తారు. తేలిపోతాది కదా."

ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వెనక నుంచి అవునవునని అరుపులు. నేను రెండు చేతులూ చాచి పిల్లలకు అడ్డంగా నిలబడ్డాను.

"బిడ్డ మీద ఎవురి సెయ్యి పడినా నేను ఊరుకునేది లేదు. నన్ను తోసుకుని పోండి, సూస్తాను."

పట్నంలో చదువుకుని నేర్చిన తెలుగంతా ఆ నిమిషాన ఎటో పోయింది. వాళ్ళు తోయలేదు, అలాగని వెనక్కీ పోలేదు. చివరికి అవతలి జట్టు టీచరు వచ్చి అటువాళ్ళకు నచ్చజెబుతూ ఉంటే, నేను పిల్లలను లెక్కబెట్టుకుందామని వెనక్కి తిరిగాను. మా పిల్ల లేదు.

మిగతా పిల్లలను బడి వరండాలో కూర్చోబెట్టి, అవతలి టీచరుకు అప్పజెప్పి వెతకడానికి బయలుదేరాను. మొదట రైల్వే స్టేషనుకు పరుగెత్తాను, ఏ రైలు కనబడితే ఆ రైలెక్కి పోతుందేమోనని. ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాల వైపు చూడటానికి ధైర్యం చాలక కాసేపు కళ్ళు మూసుకున్నాను. అక్కడ లేదు. టీ అంగడి ఆయనను అడిగితే, "ఆడపిల్లను సూళ్ళేదమ్మా. మగపిల్లోడొకడు ఆ తోటల మీదుగా పరిగెత్తినాడు" అన్నాడు. కోపగించుకునే తీరిక కూడా లేదు, అతను చూపించిన వైపు నడిచాను.

ఊరు దాటితే మల్బరీ తోటలు. పొద్దు వాలుతోంది. అడవి అంచున ఎవరో డబ్బాలు వాయిస్తూ, మధ్యమధ్య టపాకాయలు పేలుస్తున్నారు, ఏనుగులు దిగాయని. నేను పిల్ల పేరు పెట్టి అరుస్తుంటే ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు. రాత్రంతా ఊరి తలుపులన్నీ కాపలా కాసే మనిషి, తన ఒక్క బిడ్డను నన్ను నమ్మి పంపాడు. ఒక్కదాన్నే తిరిగిపోయి ఆయన ముందు ఏమని నిలబడాలి అనుకునేసరికి గట్టు మీద కూర్చుని ఏడ్చేశాను.

అంతలో గట్టు వెంబడి ఒక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. మావాళ్ళెవరో కాదు, చేతుల గుడ్డలు ఇంకా విప్పని కుప్పం గోల్‌కీపరు.

"మేడమ్, ఏడవబాకండి. మీ పాప మా ఇంట్లో ఉండాది. గలాటా సేస్తాంటే నేనే ఎనక గోడ దూకించి పిల్సకపోయినా. మీకు సెప్పేదానికి లేకపోయింది."

ఆ తోటల మధ్యే వాళ్ళ ఇల్లు. ఇంటిని ఆనుకుని పట్టుపురుగుల షెడ్డు. లోపల వేల పురుగులు ఆకు తింటున్న చప్పుడు సన్నటి వాన కురుస్తున్నట్టుంది. తట్టల వెనక మూలలో మోకాళ్ళు కడుపుకు పెట్టుకుని మా పిల్ల కూర్చుని ఉంది. దగ్గర కూర్చుని తల మీద చెయ్యి వేశాను. నా ముఖంలోకి చూసి అడిగింది.

"మేడమ్, నేను ఆడపిల్లనే కదా?"

ఆ ప్రశ్నకు నేను నోరు తెరిచేలోపే, ఆకు తరుగుతున్న గోల్‌కీపరు తల్లి కత్తి పక్కన పెట్టింది.

"ఏం మాటమ్మే అది? నువ్వు గోలు కొట్నావు, నా బిడ్డ పట్టలేకపోయింది. జరిగిండేది అంతే. లెయ్, ముద్ద తిని పో."

ఆ తల్లి పెట్టిన రాగిముద్ద ముగ్గురం తిన్నాం. వరండాలో ఉన్న మిగతా పిల్లలను కలుపుకుని పోతుంటే, ఆ ఇంటాయన బస్సు దాకా మా ముందు నడిచాడు. దారి పొడవునా బస్సు కిటికీల అద్దాలు మూసే ఉంచమన్నాను. ఏ ఒక్కరూ ఏనుగుల మాట ఎత్తలేదు.

ఆ తరువాత పిల్ల బడికి రావడం మానేసింది. నేను మండీకి పోతే తల్లి టమాటాల మీది నుంచి తల ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ఇక ఆ పిల్లను ఎక్కడికీ తీసుకుపోనక్కర్లేదనే ఊరట కూడా నాకు లోపల లేకపోలేదు. కొన్ని వారాలకు తండ్రే బడికి వచ్చాడు. రాత్రి కాపలా దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"మేడమ్ జీ, బిడ్డ నిద్రలో కాళ్ళు ఆడిస్తాది. రోజూ. ఆడనీండి. నేను కూడా వస్తా."

మదనపల్లెతో ఆటకు ఆయన నిజంగానే వచ్చాడు. ఆట జరిగినంతసేపూ నేను బంతిని చూడలేదు, చుట్టూ ఉన్న మగవాళ్ళ ముఖాలే చూస్తూ ఉన్నాను. ఎవరైనా ఒక అడుగు ముందుకు వేస్తే చేతులు వాటంతటవే చాచుకునేవి. కుప్పం సంగతి ఇక్కడికీ పాకింది కాబోలు, ఒకడు మళ్ళీ అదే మాట అరిచాడు. మా పిల్ల బంతి వదిలేసి నిలబడిపోయింది. గూర్ఖా నిద్రలేని మనిషి, నిదానంగా నడిచిపోయి ఆ అరిచినవాడి పక్కన, భుజానికి భుజం ఆనేలా నిలబడి ఆట చూడసాగాడు. వాడు మళ్ళీ నోరెత్తలేదు. పిల్ల తన తండ్రినే చూస్తూ నిలబడి, తరువాత పరుగు మొదలుపెట్టింది. ఆ రోజు మేం ఓడిపోయాం. కానీ ఆమె ఒక గోలు కొట్టింది, చివరిదాకా ఆడింది.

ఆ ఏడు ఎండాకాలంలో వాళ్ళ నాయనమ్మకు జబ్బు చేసిందని కుటుంబమంతా నేపాల్ వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఏళ్ళు గడిచాక, ఆనాటి జట్టులో ఆడిన పిల్ల ఒకతి ఫోనులో బొమ్మ చూపించింది. ఎర్ర చొక్కా, అదే కురచ జుట్టు. ఈసారి జ్వరం వల్ల కాదు, కావాలనే కత్తిరించుకున్నది. ఆ పాత జట్టు పిల్ల ద్వారానే నంబరు దొరికి మాటలు కలిశాయి. నేపాల్‌లో భూమి కదిలినప్పుడు ఆ నంబరు పలకక నేను తిండి మానేసి కూర్చున్నాను. తరువాత తరువాత ఆటలన్నీ ఫోనులోనే వచ్చేవి. ఆమె కాలికి బంతి అందిందంటే నేను ఫోను బోర్లించి పెట్టి, ఏమైందో చూసి చెప్పమని మా ఆయనకు ఇచ్చేదాన్ని. మోకాలు పట్టుకుని పడిపోయిన రోజున ఆయన కూడా చెప్పలేకపోయాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆ కుప్పం మాట ఇప్పటికీ ఎవరైనా అంటారా అని. నవ్వింది.

"అంటానే ఉంటారు మేడమ్. గోలు కొట్టినప్పుడే అంటారు."

ఇప్పుడు సాయంత్రాలు మదనపల్లెలో గ్రౌండు వైపు నడకకు పోతే ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని, అరుచుకుంటూ బంతి ఆడుతుంటారు. గుంపులు లేవు, ఆగి చూసేవాళ్ళే లేరు. తల్లులు గట్టు మీద కూర్చుని ఫోన్లలో వీడియోలు తీసుకుంటూ ఉంటారు. నాకు ఎంత సంతోషంగా ఉంటుందో. అయినా పాత అలవాటు కొద్దీ ఓ పక్కగా నిలబడి, దారిన పోయే మగవాళ్ళ ముఖాలు చూస్తూ ఉంటాను, వాళ్ళు పాపం తమ పనిమీద తాము పోతుంటారు.

మా పిల్ల ఆట నిలిపేసినట్టు చెప్పిన వీడియోను మా తమ్ముడి కూతురు నిన్న తెచ్చి చూపించింది. కింద ఎంతమందో ఎంత మంచిగా రాశారో ఫోనులోనే తెలుగులోకి మార్చి చదివి వినిపిస్తూ, ఒకచోట ఆగి, గబుక్కున వేలితో పైకి తోసేసింది. ఏమిటది అని పట్టుబడితే చూపించక తప్పలేదు. ఆడపిల్ల కాదనే ఆ పాత మాటే, ఏదో భాషలో, పేరూ ముఖమూ లేని ఎవరో రాశారు. కుప్పంలో అరిచినవాళ్ళకు కనీసం ముఖాలుండేవి, నేను పోయి నిలబడటానికి వాళ్ళకూ పిల్లకూ మధ్యన ఒక జాగా ఉండేది. ఆ ఫోను చేతిలో పట్టుకుని, ఇప్పుడు ఎక్కడికి పోయి నిలబడాలో తెలియక, దాన్ని బోర్లించి పెట్టేశాను.