ఆమె చేయి ఆగిన చోట

పటాన్‌చెరు నుంచి గడ్డపోతారం దాకా షిఫ్టు బస్సుల్లో సీటు కోసం రుమాలు విసిరే సమస్త జనులకు ఇందుమూలంగా తెలియజేయునదేమనగా: ఇకనుంచి ఎవరైనా మైకు పట్టుకుని ‘వేదికను అలంకరించిన పెద్దలకు’ అంటూ పావుగంట సాగదీయవచ్చు. అడ్డు చెప్పే మనిషి లేదు. మా టీచరమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది.

జోగిపేట బడిలో నాకు తెలుగు చెప్పింది. పదో తరగతిలో నేను చదువు వదిలేశాను గానీ ఆమె నన్ను వదల్లేదు. రిటైరయ్యాక పటేల్‌గూడలో మా వీధికే వచ్చింది. చర్చిలో సాక్ష్యం చెప్పాలన్నా, సన్మానసభలో మాట్లాడాలన్నా, జనం కాగితం పట్టుకుని ముందు ఆమె గడప తొక్కేవారు.

ఒళ్ళో చాట పెట్టుకుని, బియ్యం ఏరుతూ వినేది. తల ఎత్తేది కాదు. చదువుతుంటే ఆమె వేళ్ళు ఆడుతూనే ఉన్నాయంటే ఆ వాక్యం కొట్టేయాలి. వేళ్ళు ఆగాయంటే ఉంచాలి.

“ప్యాకెట్ బియ్యంల రాళ్ళెక్కడియి టీచరమ్మా?” అన్నాను ఒకసారి.

“బియ్యంల లేకుంటే ఏందిరా, నీ కాయితంల ఉన్నయిగా.”

నిజంగా వింటుందో లేదో చూద్దామని ఒకరోజు చాటలో సుద్దముక్కలు కలిపాను. అన్నీ ఏరి నా ముందు వరసగా పెట్టింది. “ముప్పయేండ్లు పట్టిన సుద్ద. నాకే చూపెడ్తవారా?” అని, “మూడో లైను మళ్ళ చదువు” అంది.

నాతో ఒకే మిషన్ మీద పనిచేసే దోస్తుకు కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. గాయం మానింది గానీ, ఇక మిషన్ నడపలేడని కంపెనీ ఇంటికి పొమ్మంటోంది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సేఫ్టీ మీటింగు వచ్చింది. కార్మికుల తరఫున ఒకరు మాట్లాడాలి. నవ్విస్తే సార్లు మెత్తబడతారని అందరూ కలిసి నన్ను ముందుకు నెట్టారు.

నాలుగు పేజీలు రాసుకుని టీచరమ్మ దగ్గరికి పోయాను. ‘కార్మికుడే దేశానికి వెన్నెముక’ అని చదివాను. వేళ్ళు ఆడుతున్నాయి. మేనేజరు బట్టతల మీద జోకు చదివాను. ఇంకా జోరుగా ఆడాయి. నాకు రోషమొచ్చింది.

“మరి ఏం రాయమంటవు? వాడు అంగి గుండీలు గూడ పెట్టుకోలేడు. పొద్దుగాల వాని పెండ్లాం పెడ్తది. ఆమె పెట్టినంతసేపు గోడదిక్కు చూస్తడు.”

వేళ్ళు ఆగిపోయాయి.

“నువ్వు చూసినవా, ఎవలన్న చెప్పిన్రా?”

“చూసిన.”

“ఇగ గది మొదట పెట్టు. వానికి ఏం గావాల్నో ఆఖర్న అడుగు. నడుమ నువ్వు చూడంది ఏదున్నా కొట్టెయ్.”

నాలుగు పేజీలూ ఒక్క పేజీకి దిగాయి.

మీటింగు రోజు మైకు ముందు నిలబడి చూస్తే, టీకొట్టు రేకుల నీడలో టీచరమ్మ. చేతిలో మడిచిన గొడుగు, దాన్ని తిప్పుతూ వింటోంది. గుండీల మాట దగ్గరికి వచ్చేసరికి గొడుగు ఆగింది. చప్పట్లు పడలేదు. మేనేజరు తల వంచి తన చొక్కా గుండీలకేసి చూసుకున్నాడు. దోస్తుకు స్టోర్సులో పని ఇమ్మని అడిగి దిగిపోయాను. వారం తిరగకుండా ఇచ్చారు. ఇప్పుడు రోజూ పొద్దున నా గ్లౌజులు ఎడమచేత్తో వాడే అందిస్తాడు.

మొన్న సమాధి దగ్గర పాస్టరుగారు రెండు మాటలు చెప్పమన్నారు. నేను తల తిప్పి చూశాను. పక్కన దోస్తు నిలబడ్డాడు. గుండీలు తనే పెట్టుకున్నట్టున్నాడు, ఒకటి పై కాజాలోకి పోయింది.

చెప్పలేకపోయానని ఇది రాశాను. రాసి, ఆమె నేర్పినట్టే పైకి చదువుకున్నాను. గొడుగు దగ్గర నాలుక తడబడింది.

మీటింగు రోజు టీచరమ్మ గేటు దగ్గరికి రాలేదు. నేను పిలవలేదు. నా మాటల వెనక పంతులమ్మ ఉందని తెలిస్తే షిఫ్టువాళ్ళు ఆటపట్టిస్తారని దాచాను. సాయంత్రం పోతే, ఎట్లా మాట్లాడావని కూడా అడగలేదు. “వాన్ని ఉంచుకుంటరటనారా?” అని మాత్రం అడిగింది.

గొడుగూ, రేకుల నీడా నేను అల్లినవే. ఆ వాక్యం వినిపిస్తే ఆమె తల ఎత్తేది కాదు. చాటలో వేళ్ళు ఆడుతూనే ఉండేవి.